మార్కెట్ తప్పైతే మీరు ఒప్పా?

సాహిత్య సభ అయిపోయాక బయట టీ కొట్టు దగ్గర నడిచే మాటల్లో ఈ మధ్య ఒక కొత్త అంశం చేరింది. అవార్డుల సంగతి, ఎవరు ఎవర్ని అన్‌ఫ్రెండ్ చేశారన్న సంగతి అయ్యాక ఎవరో ఒకరు ఫోన్ తీసి బ్యాంక్ నిఫ్టీ చార్టు చూపిస్తారు. అరగంట ముందు అదే మనిషి వేదిక మీద పెట్టుబడిని ఏకి పారేసి ఉంటాడు. అందులో కపటం ఉందని నేననను. అద్దెలు కట్టాలి, ఈఎంఐలు కట్టాలి, కవిత్వానికి ఎవరూ డబ్బులివ్వరు. నాకు పేచీ ఉన్నది వాళ్ల తర్కంతో. మొదటి వాక్యం: "షేర్ మార్కెట్ అంతా పిచ్చి, మంద మనస్తత్వం, మోసం." రెండో వాక్యం: "అందుకే కాస్త బుర్ర ఉన్నవాడు అందులో సంపాదించొచ్చు." మొదటిదాంతో నేను సగం పైన ఏకీభవిస్తాను. రెండోది చాలామంది ఇళ్లు గుల్ల చేస్తున్న వాక్యం. నా గొడవంతా ఆ మధ్యలో ఉన్న "అందుకే" మీద.

దీనికి కాస్త పాత చరిత్ర ఉంది. 1900లో పారిస్‌లో లూయీ బాషెలియె అనే గణిత విద్యార్థి స్పెక్యులేషన్ మీద థీసిస్ రాశాడు. ధరల కదలికలకి ఆయన కట్టిన లెక్క, ఐదేళ్ల తర్వాత నీళ్లలో తేలే రేణువుల కదలికకి ఐన్‌స్టీన్ కట్టిన లెక్కలాంటిదే. అప్పట్లో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1929 పతనం తర్వాత ఆల్‌ఫ్రెడ్ కౌల్స్ అనే అమెరికన్, షేర్ల జోస్యం చెప్పే సంస్థల సలహాలన్నీ పోగేసి, వీళ్లు నిజంగా ముందే చెప్పగలరా అని 1933లో అడిగాడు. అనుమానమే అని తేల్చాడు. 1970లో షికాగో ప్రొఫెసర్ యూజీన్ ఫామా ఈ ఆలోచనలన్నిటినీ ఒక చోట చేర్చి ఇప్పుడు మనం వింటున్న రూపం ఇచ్చాడు: అందుబాటులో ఉన్న సమాచారమంతా ధరల్లో ఎప్పటికప్పుడు ఇంకిపోయి ఉంటుంది. దీన్నే ఎఫిషియెంట్ మార్కెట్ సిద్ధాంతం అంటారు. తెలుగులో "సమర్థ మార్కెట్" అని రాస్తుంటారు గానీ ఆ మాట పక్కదారి పట్టిస్తుంది. సమర్థుడు అనగానే మనకి మంచివాడు, పనిమంతుడు గుర్తొస్తాడు. ఫామా మాటలో మంచితనం లేదు.

గుంటూరు మిర్చి యార్డుకి తెల్లారేసరికి టిక్కీలు దింపిన రైతుని తీసుకోండి. ఆ రోజు తేజా రకానికి పలికే ధరలో చాలా సంగతులుంటాయి. కోల్డ్ స్టోరేజీల్లో ఎంత సరుకు మూలుగుతోంది, చైనా నుంచి ఆర్డర్లు ఎలా ఉన్నాయి, ఈసారి తెగులు ఏ మేరకు కొట్టింది, ఖమ్మంలో నిన్న ఎంతకి పోయింది. ఇవన్నీ ఆ రైతుకి తెలియవు, ధరకి తెలుసు. అది నిజంగా గొప్ప విషయం, ఒప్పుకోవాలి. కానీ ఆ ధర తన చెమటకి సరైన ధర అని ఆ రైతుతో అని చూడండి. ధరలో సమాచారం ఉంది. న్యాయం ఉందని ఎవరూ అనలేదు.

ఈ సిద్ధాంతాన్ని రెండు ముక్కలు చేసి చూడమన్నది రిచర్డ్ థేలర్. ఒక ముక్క: ధర సరైనది, అంటే కంపెనీ అసలు విలువకి తగ్గట్టే ఉంటుంది. రెండో ముక్క: ఊరికే వచ్చే భోజనం లేదు, అంటే రిస్కు పెంచకుండా మార్కెట్‌ని మించి నికరంగా సంపాదించడం కుదరదు. ఈ రెండూ కవలల్లా కనిపిస్తాయి గానీ కావు. మొదటిది కూలిపోయినా రెండోది నిలబడగలదు. మన టీ కొట్టు ఆర్థికవేత్తలు, యూట్యూబ్ గురువులు, టెలిగ్రామ్ ఛానెళ్ల వాళ్లు అందరూ బతికేది ఈ రెండింటినీ కలగాపులగం చేసి.

మొదటి ముక్క అబద్ధమని చెప్పడానికి హైదరాబాద్ వాళ్లం మనం అమెరికా దాకా పోనక్కర్లేదు. సత్యం ఉంది.

2008 సెప్టెంబరులో కార్పొరేట్ పాలన బాగుందని సత్యం కంప్యూటర్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. షేరు సెన్సెక్స్‌లోనూ ఉంది, నిఫ్టీలోనూ ఉంది, న్యూయార్క్‌లోనూ ట్రేడవుతోంది. ఆడిటర్లు అంతర్జాతీయ పేరున్నవాళ్లు. ఇన్ని జతల కళ్లు చూస్తున్న కంపెనీ లెక్కల్లో 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వ అసలు లేనే లేదు. 2009 జనవరి 7న రామలింగరాజు తనంతట తాను ఉత్తరం రాసి చెప్పేదాకా ధరకి ఆ సంగతి తెలియదు. పులి మీద స్వారీ చేస్తూ, దిగితే అది తినేస్తుందని తెలిసి ఎలా దిగాలో తెలియని పరిస్థితితో ఆయన తన స్థితిని పోల్చుకున్నాడు. ఆ ఒక్కరోజులో షేరు నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. అంటే అంతకుముందు రోజు సాయంత్రం దాకా ఉన్న ధర, ఏళ్ల తరబడి ఉన్న ధర, అబద్ధం మీద కట్టిన మేడ.

ఫామా పక్షం వాళ్లకి జవాబు లేకపోలేదు. "బయటికి తెలిసిన సమాచారమే ధరలో ఉంటుందన్నాం, దొంగ లెక్కలు బయటికి తెలియవు కదా" అంటారు. న్యాయమైన వాదనే. పైగా వాళ్లకి ఇంకో సాక్ష్యం కూడా ఉంది. ఉత్తరానికి మూడు వారాల ముందు, 2008 డిసెంబరు 16న, రాజు కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలని సత్యం డబ్బుతో 160 కోట్ల డాలర్లకి కొంటామని ప్రకటించారు. ఆ రాత్రే న్యూయార్క్‌లో సత్యం షేరు సగానికి పైగా కూలింది. కొన్ని గంటల్లోనే ఆ బేరం వెనక్కి తీసుకున్నారు. అవార్డు కమిటీకి కనిపించనిది మార్కెట్ ముక్కుకి వాసనొచ్చింది. వేగం విషయంలో మార్కెట్‌ని తప్పుపట్టలేం. వార్త పుట్టీ పుట్టకముందే ధర కదులుతుంది. కానీ వేగం వేరు, నిజం వేరు. మన టీవీ ఛానెళ్లు కూడా వేగంగానే ఉంటాయి.

సరే, ధర తప్పు. ఇప్పుడు "అందుకే" దగ్గరికి వద్దాం. సత్యం లెక్కల్లో ఏదో తేడా ఉందని కొన్నేళ్ల ముందే అనుమానించిన తెలివైనవాడు ఒకడు ఉన్నాడనుకుందాం. ఏం చేసేవాడు? షేరు పడుతుందని పందెం కాసేవాడు. ఆ షేరు పెరుగుతూ పోయినన్నాళ్లూ నెల నెలా నష్టం కట్టుకుంటూ, బ్రోకరుకి మార్జిన్ డబ్బు పంపుకుంటూ, పెళ్లాం నగలు అమ్ముకుని, చివరికి అలసిపోయి బయటపడేవాడు. ఆ తర్వాత ఎన్నాళ్లకో ఉత్తరం వచ్చేది. వాడు చెప్పింది అక్షరాలా నిజమే. బికారి అయ్యింది కూడా వాడే. ధర తప్పని తెలుసుకోవడం ఒక ఎత్తు. అది ఎప్పుడు సర్దుకుంటుందో తెలియడం ఇంకో ఎత్తు. ఆ రెండోదానికి లెక్కల పుస్తకాల్లో జవాబుండదు.

దీనికంటే విడ్డూరమైన సంగతి 2000 మార్చిలో అమెరికాలో జరిగింది. త్రీకామ్ అనే కంపెనీ తన అనుబంధ సంస్థ పామ్‌లో కొద్ది భాగం మాత్రం జనానికి అమ్మి, దాదాపు 95 శాతం తన దగ్గరే ఉంచుకుంది. ఒక్కో త్రీకామ్ షేరున్న వాళ్లకి కొన్నాళ్లలో ఒకటిన్నర దాకా పామ్ షేర్లు ఇస్తామని ముందే చెప్పింది. అంటే త్రీకామ్ షేరు ధర పామ్ షేరు ధరకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. రెండో తరగతి పిల్లాడికి చెప్పినా అర్థమవుతుంది. మొదటి రోజు ముగిసేసరికి పామ్ 95 డాలర్లు, త్రీకామ్ 82 డాలర్లు! ఆ లెక్కన పామ్ పోగా మిగిలిన త్రీకామ్ వ్యాపారమంతా, దాని దగ్గరున్న నగదుతో సహా, సున్నా కంటే తక్కువ. పత్రికలు మర్నాడే రాశాయి. అందరికీ తెలుసు. అయినా ఆ తేడా చాలా వారాలు అలాగే ఉండిపోయింది. ఎందుకంటే పందెం కాయాలంటే పామ్ షేర్లు ఎవరి దగ్గరో అప్పు తేవాలి, అప్పిచ్చేవాడు దొరకడు, దొరికినా అద్దె వాచిపోతుంది. తప్పు ఎదురుగా అద్దాల బీరువాలో ఉంది, తాళం మాత్రం మన దగ్గర లేదు. నా దృష్టిలో మార్కెట్లో జరిగే తప్పులు చాలావరకు ఈ బీరువా రకమే.

రెండో ముక్కకి, అంటే ఊరికే వచ్చే భోజనం లేదన్నదానికి, అసలు బలం ఎక్కడుందో చాలామంది చూడరు. మార్కెట్ తెలివైంది కాబట్టి మనం గెలవలేం అనుకుంటారు. అక్కర్లేదు. మార్కెట్ పిచ్చిదైనా సరే ఈ లెక్క మారదు. 1991లో విలియం షార్ప్ ఒక చిన్న వ్యాసంలో చూపించిన కూడికలు తీసివేతలు ఇవి. మార్కెట్లో ఉన్న షేర్లన్నీ ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి. అందరి లాభం కలిపితే మార్కెట్ లాభం. ఇందులో కొందరు ఏమీ ఎంచుకోకుండా మార్కెట్ మొత్తాన్నీ ఆ పాళ్లలోనే కొని ఊరుకున్నారు. వాళ్లకి వచ్చేది మార్కెట్ లాభమే. మరి మిగిలిన వాళ్లు, అంటే రాత్రింబగళ్లు చదివి ఎంచుకునే వాళ్లు అందరూ కలిపి ఎంత సంపాదిస్తారు? అదే మార్కెట్ లాభం. మొత్తంలోంచి సగటుని తీసేస్తే మిగిలేదీ సగటే కదా. ఆ తర్వాత బ్రోకరేజీ, ఫండ్ మేనేజర్ జీతం, పన్ను, రీసెర్చి ఖర్చు తీసేయండి. ఎంచుకునేవాళ్లు గుంపుగా ఓడిపోయి తీరాలి. ఒకడు గెలిస్తే ఆ గెలుపు ఇంకో ఎంచుకునేవాడి జేబులోంచి రావాలి. అవతలి వాడు ఎవరు అన్నదే అసలు ప్రశ్న. మన ట్రేడింగ్ గురువులు కొవ్వొత్తుల బొమ్మలు వంద గీస్తారు గానీ ఈ ప్రశ్న మాత్రం ఎప్పుడూ వేయరు.

"మరి బఫెట్?" అంటారు వెంటనే. ప్రతిసారీ అంటారు. వెయ్యిన్ని ఇరవై నాలుగు మందిని నిలబెట్టి పదిసార్లు రూపాయి బిళ్ల ఎగరేయిస్తే సగటున ఒకడికి పదికి పదీ బొమ్మే పడుతుంది. ఆ ఒక్కడు రేపు పుస్తకం రాస్తాడు, తెలుగులోకి అనువాదం కూడా అవుతుంది. బఫెట్ అలాంటివాడే అని నేననను. ఆయనకి నిజంగా విద్య ఉందనే నమ్ముతాను. అయితే ఆ విద్య ఉన్నాయనే ఏం చేశాడు? 2008 మొదట్లో పది లక్షల డాలర్ల పందెం మొదలుపెట్టాడు. అవతలి వాళ్లు తమకిష్టమైన ఐదు హెడ్జ్ ఫండ్ల బుట్టలు ఎంచుకున్నారు. ఆయన మాత్రం ఒక మామూలు ఇండెక్స్ ఫండ్ ఎంచుకున్నాడు. పదేళ్లు గడిచాయి. ఆయన తేలిగ్గా గెలిచాడు. బఫెట్ ఫొటో వాల్‌పేపర్‌గా పెట్టుకుని గురువారం గురువారం ఆప్షన్లు కొన్న కుర్రాళ్లకి ఈ కథ ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక ఆప్షన్ల దగ్గరికి. షేరు కొనడానికి, ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌కి తేడా ఉంది. షేరు వెనకాల ఒక కంపెనీ ఉంటుంది, అది సబ్బులో సిమెంటో చేసి లాభం పంచుతుంది. కాబట్టి అందరూ కొంత సంపాదించే వీలుంది. ఎఫ్ అండ్ ఓలో ఆ వీలు లేదు. ఒకడికి వచ్చిన రూపాయి కచ్చితంగా ఇంకొకడికి పోయిన రూపాయి. మధ్యలో బ్రోకరు, ఎక్స్ఛేంజీ, ప్రభుత్వం తలా కాస్త కోసుకుంటాయి. పేకాట క్లబ్బులో టేబుల్ చార్జీ లాగా.

2024 సెప్టెంబరులో సెబీ ఒక అధ్యయనం బయటపెట్టింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ ఆడిన వ్యక్తులు కోటి మందికి పైనే. వాళ్లలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లకు పైగా. ఖర్చులు పోను లక్ష రూపాయలకి మించి మిగుల్చుకున్నవాళ్లు ఒక్క శాతం. 2023-24లో ఖర్చులు లెక్కేయకముందే వ్యక్తులు 61,000 కోట్లు పోగొట్టుకుంటే, సొంత డబ్బుతో ఆడే ట్రేడింగ్ సంస్థలు 33,000 కోట్లు, విదేశీ ఇన్వెస్టర్లు 28,000 కోట్లు లాభపడ్డారు. కూడి చూసుకోండి. ఆ లాభంలో దాదాపు అంతా కంప్యూటర్ అల్గోరిథమ్‌లు సంపాదించినదే. అవతలి వాడు ఎవరు అని అడిగాం కదా, వీడే. వాడి యంత్రం ఎక్స్ఛేంజీ సర్వరు పక్కనే కూర్చుని ఉంటుంది. మన కుర్రాడు ఎర్రగడ్డ మెట్రోలో నిలబడి ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో ఆర్డరు పెడతాడు.

ఆ మరుసటి ఏడాది, 2024-25లో, 91 శాతం మంది నష్టపోయారు. పోయింది ఒక్క ఏడాదిలో 1,05,603 కోట్లు.

అంకెలు పెద్దవైపోతే మనసుకి తగలవు. మా పిన్ని కొడుకు ఖమ్మంలో ఉంటాడు, ఇరవై ఆరేళ్లు. గ్రూప్స్‌కి చదువుతూ మధ్యలో ఒక షోరూమ్‌లో లెక్కలు రాస్తాడు. సెబీ అధ్యయనంలో ఎఫ్ అండ్ ఓ ఆడేవాళ్లలో నూటికి 43 మంది ముప్ఫయ్యేళ్ల లోపు వాళ్లు, నాలుగింట మూడొంతుల మంది ఏడాదికి ఐదు లక్షల లోపు ఆదాయం చూపించినవాళ్లు, ఎక్కువమంది పెద్ద నగరాల బయటివాళ్లు. వాడు మూడు లెక్కల్లోనూ ఉన్నాడు. పిన్ని చిట్టీ పాడి తెచ్చి చెల్లి పెళ్లికని దాచమన్న మూడు లక్షల నలభై వేలు వాడి చేతిలో పడ్డాయి. ఒక టెలిగ్రామ్ ఛానెల్లో చేరాడు. ఎక్స్‌పైరీ రోజు మధ్యాహ్నం రెండు దాటాక "జీరో టు హీరో" అని మెసేజీ వచ్చేది, పది రూపాయల ఆప్షన్ వంద అవుతుందని. రెండుసార్లు నిజంగానే అయింది. అదే కొంప ముంచింది. ఐదు నెలల్లో చిట్టీ డబ్బు పోయింది, ఆ పైన లోన్ యాప్‌ల అప్పు మిగిలింది.

వాడు నాతో అన్నమాట రాసుకున్నాను: "అన్నా, మార్కెట్‌ని పెద్ద ఆపరేటర్లే ఆడిస్తారు. వాళ్లెటు పోతున్నారో చార్టులో కనబడతది. మనం వెనకాల ఎక్కితే చాలు."

"వాళ్లు నీకు కనబడేలా ఎందుకు పోతార్రా?" అన్నాను.

దానికి వాడి దగ్గర జవాబు లేదు. వాణ్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాడికి అమ్మిన తత్వం అలాంటిది. మార్కెట్ ఒక మోసం, ఆ మోసంలో నీకూ ఒక కుర్చీ వేస్తాం, రిజిస్ట్రేషన్ 4,999 మాత్రమే. వ్యవస్థ మీద మన కోపాన్ని మనకే తిరిగి అమ్మే వ్యాపారం ఇది. తిరుగుబాటు వాసన వేస్తుంది కాబట్టే చదువుకున్న కుర్రాళ్లకి, కవులకి కూడా నచ్చుతుంది.

"మన మార్కెట్ అమెరికాలా కాదు, ఇక్కడ ఇంకా లోపాలున్నాయి, కాబట్టి అవకాశాలున్నాయి" అనే వాదన ఒకటుంది. మొదటి సగం నిజం. చిన్న కంపెనీల షేర్లలో, ఎవరూ చూడని మూలల్లో, ధరలు దారుణంగా తప్పు ఉంటాయి. అయితే తప్పు ధర వల్ల లాభపడేది ఆ తప్పు సంగతి ముందు తెలిసినవాడు. ప్రమోటరు, వాడి బావమరిది, ఆడిటరు స్నేహితుడు. మీరు వాళ్లలో ఒకరైతే ఈ వ్యాసం మీకు అక్కర్లేదు, లాయరు కావాలి. కాకపోతే మార్కెట్ ఎంత లోపభూయిష్ఠంగా ఉంటే మీకు అంత ప్రమాదం. ఈ చిన్న సంగతి తలకిందులుగా చెప్తారు మనకి. 2025 జులై 3న సెబీ జేన్ స్ట్రీట్ అనే అమెరికా ట్రేడింగ్ సంస్థ మీద మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, బ్యాంక్ నిఫ్టీని పొద్దున ఎగదోసి తర్వాత పడదోసి ఆప్షన్లలో లాభం చేసుకున్నారని ఆరోపిస్తూ 4,843 కోట్లు కట్టమంది. ఆ సంస్థ ఆరోపణని ఖండించి అప్పీలుకి వెళ్లింది. కేసు ఎటు తేలినా సరే, ఆ ఉత్తర్వు ఒకసారి చదవండి. మీరు స్టాప్‌లాస్ పెట్టుకుని కూర్చున్న నిమిషాల్లో అవతల ఎంత పెద్ద డబ్బు, ఎంత వేగంతో కదులుతోందో తెలుస్తుంది.

ఇప్పటిదాకా ఒక పక్షాన్నే కొట్టాను. రెండో పక్షం వాళ్లు కూడా తక్కువ తినలేదు. "మార్కెట్‌కి అన్నీ తెలుసు" అనేవాళ్లు వాళ్లు. ఊరికే వచ్చే భోజనం లేదన్న నిజాన్ని చూపించి ధర సరైనదన్న అబద్ధాన్ని వెనక జేబులోంచి చలామణీ చేస్తారు. బడ్జెట్ రోజు సెన్సెక్స్ పెరిగితే బడ్జెట్ మంచిది, పడితే చెడ్డది. కూలీల చట్టం గురించి కూడా షేరు ధరనే అడుగుతారు. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి సెన్సెక్స్ 2,500 పాయింట్లు ఎగిరింది. మర్నాడు అసలు ఓట్లు లెక్కపెడుతుంటే దాదాపు 4,400 పాయింట్లు పడింది. ఒకే దేశం, అవే ఫ్యాక్టరీలు, ఇరవై నాలుగు గంటలు. ఆ వారంలోనే ఆంధ్రాలో ప్రభుత్వం మారిందని ముఖ్యమంత్రి కాబోయే ఆయన స్థాపించిన పాల కంపెనీ షేరు యాభై శాతానికి పైగా పెరిగింది. గేదెలు మాత్రం ఎప్పుడిచ్చినన్ని పాలే ఇచ్చాయి. కీన్స్ 1936లోనే చెప్పాడు, ఇది అందాల పోటీలో ఎవరు అందంగా ఉన్నారో చెప్పడం కాదు, ఎవరు అందంగా ఉన్నారని మిగతావాళ్లు అనుకుంటారని మిగతావాళ్లు అనుకుంటారో ఊహించడం అని. అలాంటి ఊహని పట్టుకుని ప్రజా విధానాలకి మార్కులు వేయడం మూఢనమ్మకం. 2013లో నోబెల్ కమిటీ ఫామాకి, మార్కెట్లు తరచూ వెర్రెక్కిపోతాయన్న రాబర్ట్ షిల్లర్‌కి, లార్స్ హాన్సెన్‌తో కలిపి ఒకే ఏడాది బహుమతి ఇచ్చింది. దాన్ని చూసి చాలామంది నవ్వారు. నాకైతే సబబుగానే అనిపించింది. ఒకాయన ఇందులో గెలవలేరని అంటాడు, ఇంకో ఆయన దీన్ని గుడ్డిగా నమ్మకండని అంటాడు. మనకి రెండూ కావాలి.

మరి జీతం రాళ్లలో కాస్త మిగిలిన మనిషి ఏం చేయాలి? ఇది పెద్ద విషయం కాదు, తొందరగా చెప్పేస్తాను. అప్పులు తీర్చుకుని, అవసరానికి కొంత బ్యాంకులో ఉంచుకుని, పదేళ్లు ముట్టనక్కర్లేని డబ్బు ఉంటే ఖర్చు తక్కువున్న ఇండెక్స్ ఫండ్‌లో నెల నెలా వేసి మర్చిపోవడం. మీకు పీఎఫ్ ఉంటే తెలియకుండానే ఆ పని చేస్తున్నారు. ఈపీఎఫ్ఓ 2015 ఆగస్టు నుంచి కొత్తగా వచ్చే డబ్బులో కొంత భాగం ఇండెక్స్ ఈటీఎఫ్‌లలోనే పెడుతోంది. ఎంచుకుని కొనే ఫండ్లు బాగా చేస్తున్నాయని ఎవరైనా అంటే దేనితో పోల్చారో అడగండి. 2018 ఫిబ్రవరికి ముందు మన మ్యూచువల్ ఫండ్లు డివిడెండ్లు కలిపిన తమ లాభాన్ని డివిడెండ్లు కలపని ఇండెక్స్‌తో పోల్చుకుని గెలిచామని చెప్పుకునేవి. సెబీ ఆ వేషం మాన్పించింది. పరుగు పందెంలో ఒకడు ఏటా ఒక గజం ముందు నిలబడి గెలిచినట్టు అది.

ఇండెక్స్ గొప్పదేం కాదు, దానికి భజన చేయను. సత్యం సెన్సెక్స్‌లో ఉందని పైన చెప్పాను. ఆ జనవరి 7న ఇండెక్స్ ఫండ్ పట్టుకున్నవాళ్ల దగ్గర కూడా సత్యం ఉంది. అయితే అది వాళ్ల డబ్బులో ఒక చిన్న ముక్క. సొంత తెలివితో మొత్తం సత్యంలో పెట్టినవాళ్లకి, జీతంతో పాటు షేర్లు కూడా అక్కడే ఉన్న ఉద్యోగులకి అలా కాదు. ఆ రోజుల్లో మాదాపూర్‌లో ఉన్నవాళ్లనెవర్నైనా అడగండి.

ఒక మిత్రుడు దీన్ని పరాన్నజీవి బతుకు అన్నాడు. కంపెనీల్ని ఎవరూ పరీక్షించకపోతే ధరలు ఏమవుతాయి, వేరేవాళ్ల శ్రమ మీద మీరు స్వారీ చేస్తున్నారు అని. నిజమే. 1980లో గ్రాస్‌మన్, స్టిగ్లిట్జ్ సరిగ్గా ఇదే చూపించారు. ధరలు పూర్తిగా సరైనవైతే సమాచారం వెతికే వాడికి ఏమీ దక్కదు, ఎవరూ వెతక్కపోతే ధరలు సరైనవిగా ఉండవు. కాబట్టి కొంత తప్పు ఎప్పుడూ మిగిలి ఉంటుంది, దాన్ని ఏరుకుని బతికేవాళ్లూ ఉంటారు. ఉండనివ్వండి. వాళ్లకి జీతాలు ఇస్తారు, టెర్మినళ్లు ఇస్తారు, నష్టమొస్తే పోయేది వేరేవాళ్ల డబ్బు. ఆ పనిని ఖమ్మంలో మా తమ్ముడు పిన్ని చిట్టీ డబ్బుతో చేయనక్కర్లేదు. వాణ్ని చూసి నాకొచ్చేది కోపమే గానీ, అది వాడి మీద కాదు.

2025 జనవరిలో సెబీ ఇంకో మాట చెప్పింది, బోధన పేరుతో షేర్ల గురించి మాట్లాడేవాళ్లు మూడు నెలల లోపు ధరలు వాడకూడదని. దానివల్ల గురువులు కొంత తగ్గారు, పూర్తిగా పోలేదు. కాబట్టి నేను సొంతంగా ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎఫ్ అండ్ ఓ లాభం ఆదాయపు పన్ను లెక్కలో వ్యాపార ఆదాయం కింద వస్తుంది, ఐటీఆర్ మూడో నంబరు ఫారంలో చూపించాలి. ఎవరైనా ట్రేడింగ్ నేర్పిస్తామని పిలిస్తే, "మంచిది సార్, మీ గత మూడేళ్ల ఐటీఆర్ త్రీ ఒకసారి పంపండి, పేరు, పాన్ కొట్టేసినా పర్లేదు" అని మర్యాదగా మెసేజీ పెడతాను. మా తమ్ముడి సంగతి తెలిశాక ముగ్గురికి పెట్టాను. ఇద్దరు బ్లాక్ చేశారు. మూడో ఆయన మాత్రం రెండు రోజులు ఆలోచించి, అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో చేరితే ఇరవై శాతం తగ్గిస్తానన్నాడు.